పిల్లల భాష తెలియకుండా భాష చెప్పేదెలా?

మహారాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 16న ఒక ఉత్తర్వు ఇచ్చింది. మరాఠీ, ఇంగ్లిష్ మీడియం బడుల్లో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు హిందీని మూడో భాషగా తప్పనిసరి చేసింది. నిరసనలు చెలరేగాయి. జూన్‌లో పదాలు మార్చి సవరించిన ఉత్తర్వు తెచ్చింది. అదీ నిలవలేదు. జూన్ 29న రెండింటినీ వెనక్కి తీసుకుని, నరేంద్ర జాధవ్ అధ్యక్షతన కమిటీ వేసి ఊపిరి పీల్చుకుంది. అదే కాలంలో తమిళనాడు సమగ్ర శిక్ష నిధుల కోసం కేంద్రంతో తగువు పడుతోంది. అక్కడ కూడా గొడవకు కేంద్రం జాతీయ విద్యావిధానంలోని త్రిభాషా సూత్రమే.

ఏ భాష చెప్పాలన్నదానిపై ఇంత వేడి పుట్టింది. ఆ భాషను ఆరేళ్ల పిల్లలకు ఎవరు చెబుతారు, తరగతి గదిలో అడుగుపెట్టే ముందు వాళ్లకు ఏం తెలిసి ఉండాలి అన్న ప్రశ్న మాత్రం ఈ చర్చల్లో చాలా సన్నగా వినిపించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంగ్లిష్ మీడియం వివాదం నడిచినప్పుడూ ఇంతే. మీడియం మీద వాదించాం, మాతృభాష మీద కవితలు రాశాం, కోర్టుకు వెళ్లాం. భాష చెప్పే మనిషికి భాష గురించి ఏం తెలుసన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సిన అవసరం ఎంత ఉందో అసర్ సర్వేలు చెబుతూనే ఉన్నాయి. గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం. కరోనా తర్వాత 2022లో అది 20.5కు పడిపోయింది. 2024లో 27.1కి తిరిగి వచ్చింది. కోలుకున్నామని సంబరపడ్డాం. కానీ కోలుకుని చేరిన చోటు కూడా నలుగురిలో ఒక్కరు చదవగలిగే చోటే. 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా చదవాలి, రాయాలి, లెక్కలు చేయాలి అన్నది 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం.

ముప్పై ప్రశ్నల్లో ఆరు

టీచర్ కావాలంటే మన దగ్గర దాటాల్సిన గడపలు టెట్, డీఎస్సీ. ప్రాథమిక స్థాయి టెట్‌లో 150 ప్రశ్నలు. అందులో మొదటి భాషకు 30. తెలుగు రాష్ట్రాల టెట్‌లలో ఈ 30లో 24 విషయ పరిజ్ఞానానివి, 6 బోధనా పద్ధతులవి. ఆ 24కు అభ్యర్థులు ఏం చదువుతారో కోచింగ్ సెంటర్ మెటీరియల్ తిరగేసిన ఎవరికైనా తెలుసు. కవులు, కావ్యాలు, బిరుదులు, సంధులు, సమాసాలు, ఛందస్సు, అలంకారాలు, పర్యాయపదాలు, నానార్థాలు, జాతీయాలు. ఉత్పలమాలకు యతి ఎక్కడో కచ్చితంగా చెప్పగలిగిన అభ్యర్థి, ఒకటో తరగతి పాప 'శక్తి' అన్న మాటను 'శకిత' అని ఎందుకు చదివిందో చెప్పలేకపోవచ్చు. చెప్పమని ఎవరూ అడగరు కూడా.

సాహిత్యం అక్కర్లేదని కాదు. పద్యం రుచి తెలియని తెలుగు టీచర్ హైస్కూల్లో పిల్లలకు చేసే అన్యాయం వేరే ఉంది. కానీ ఒకటో తరగతికి వెళ్లే మనిషికీ పదో తరగతికి వెళ్లే మనిషికీ ఒకే సంచీ సర్ది పంపడం పొరపాటు. ఈ తేడా న్యాయస్థానం దాకా వెళ్లింది కూడా. 2023 ఆగస్టు 11న దేవేష్ శర్మ కేసులో సుప్రీంకోర్టు, బీఈడీ చదివినవారు ప్రాథమిక తరగతులకు అర్హులు కారని తేల్చింది. చిన్న పిల్లలకు చెప్పే నైపుణ్యం బీఈడీలో నేర్పరన్నది తీర్పు సారం. 2025 సెప్టెంబర్ 1న మరో తీర్పులో, అయిదేళ్లకు పైగా సర్వీసు మిగిలి ఉన్న ఉపాధ్యాయులు రెండేళ్లలో టెట్ పాస్ కావాలని చెప్పింది. నాణ్యత కావాలన్న ఉద్దేశం మంచిదే. అయితే ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న టీచర్ ఇప్పుడు మళ్లీ కూర్చుని కవుల బిరుదులు వల్లె వేస్తే, ఆ తరగతిలోని పిల్లలకు ఒరిగేదేమిటో అర్థం కాదు.

ఇది దూరాన ఉన్న సమస్య కాదు. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు, ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించాయి. ఇలా చేరిన యువ టీచర్లు రెండు మూడు దశాబ్దాలు తరగతి గదుల్లో ఉంటారు.

'అమ్మ'లో ఉన్న చిక్కు

ఇప్పుడు లిపి సంగతి. తెలుగు లిపి పలికినట్టే రాస్తామని, అందుకే సులువని చిన్నప్పటి నుంచి చెప్పుకుంటాం. వచ్చినవాళ్లకు సులువే. నేర్చుకునే బిడ్డ వైపు నుంచి చూస్తే వేరేగా ఉంటుంది. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు. తెలుగులో అచ్చులు, హల్లులు యాభైకి పైన. గుణింతాలు కలిపితే గుర్తుపట్టాల్సిన రూపాలు నాలుగైదు వందలు. వత్తులు కలిస్తే లెక్క ఇంకా పెరుగుతుంది. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడం చదవడం నేర్చుకునే పిల్లలపై సొనాలి నాగ్ చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. అక్షరాలన్నీ పట్టుబడటానికి పిల్లలకు ఒకటి రెండేళ్లు చాలవని, ప్రాథమిక తరగతుల్లో చాలా దూరం వరకు ఆ పని సాగుతూనే ఉంటుందని అందులో తేలింది. మన బడిలో మాత్రం ఒకటో తరగతి ముగిసేసరికి గుణింతాలు, రెండో తరగతికి వత్తులు 'అయిపోవాలి'. అయిపోని పిల్లలు వెనకబడినవాళ్లు.

చదువు మొదలయ్యే మాటలే చూడండి. అమ్మ, అయ్య, అన్న, అత్త, తల్లి, పిల్ల. బిడ్డకు బాగా తెలిసిన మాటలు, కాబట్టి వీటితో మొదలుపెట్టడం సబబే. కానీ తెలుగులో చాలా వత్తులు అసలు అక్షరానికి తలకట్టు తీసేసినట్టుగా ఉంటాయి. గ వత్తు, డ వత్తు, ప వత్తు, బ వత్తు చూస్తే ఏ అక్షరమో ఊహించవచ్చు. అలా ఊహించడానికి వీల్లేనివి కొన్నే: త, న, మ, య, ర, ల. సరిగ్గా ఆ కొన్నే పై మాటలన్నింటిలోనూ ఉన్నాయి! అంటే పిల్లలు నియమాన్ని చూడకముందే మినహాయింపులను చూస్తారు. 'అమ్మ' అన్న మాటను బొమ్మలా గుర్తుపట్టడం వేరు, 'మ' కింద ఉన్నది మరో 'మ' అని తెలియడం వేరు. ఈ తేడా తెలిసిన టీచర్ మొదటిదాన్ని మెచ్చుకుని రెండోదానికి సమయం ఇస్తుంది. తెలియని టీచర్, "అమ్మ అని చదివావుగా, మరి 'కమ్మ' ఎందుకు చదవలేవు?" అని అడుగుతుంది.

'శక్తి' దగ్గరకు వద్దాం. గుడి దీర్ఘమో, గుడో ఏదైనా పై అక్షరానికే పెడతాం. 'శక్తి'లో గుడి ఉన్నది 'క' మీద. పలికేది 'త' తర్వాత. కన్ను చూసే వరుస ఒకటి, నోరు పలికే వరుస మరొకటి. 'శకిత' అని చదివిన పాప కంటికి కనిపించింది కనిపించినట్టే చదివింది. ఆ పాపకు కావాల్సింది ఒక్క ముక్క వివరణ: వత్తు ఉంటే గుణింతపు గుర్తు వత్తు పలికాకే పలుకుతుంది. ఈ ఒక్క ముక్క చెప్పాలంటే ముందు టీచర్ దాన్ని గమనించి ఉండాలి. నలభై ఏళ్లుగా అలవాటుగా చదువుతున్న మనకు అది కనిపించదు. అందుకే దాన్ని శిక్షణలో ఎవరో ఒకరు చూపించాలి.

సున్న మరో చిత్రం. వంకాయ, కంచం, పంట, పందెం, పంపు. అయిదు మాటల్లోనూ రాసేది ఒకే సున్న. నోరు పలికేది అయిదు రకాల అనునాసికాలు. 'పంపు'ను 'పమ్పు' అనీ, 'పందెం'ను 'పన్దెం' అనీ రాసిన పిల్లవాడి చెవి టీచర్ చెవి కన్నా నిక్కచ్చిగా ఉంది. ఎర్ర ఇంకుతో కొట్టేసే ముందు ఆ సంగతి తెలిసి ఉంటే, దిద్దే పద్ధతే మారుతుంది. పిల్లల తప్పులు వాళ్ల లోపల నడుస్తున్న లెక్కను బయటపెడతాయని ఎస్. పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లోనే చెప్పారు. అప్పటి నుంచి ప్రపంచవ్యాప్తంగా భాషా బోధన ఆ మాట మీదే ఎంతో దూరం నడిచింది. మన నోట్‌బుక్కుల్లో ఎర్ర గీతలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఒత్తక్షరాల విషయంలో అయితే టీచర్లు పిల్లలనే కాదు, వాళ్ల ఇంటినీ తప్పుపడతారు. 'బాస', 'కతలు', 'దనం' అన్న పిల్లవాడికి 'నాలుక తిరగదు' అని పేరు. కానీ పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50 వర్ణాలు, తెలుగుకు 36 అని లెక్క చెప్పారు. ఆ 36లో ఒత్తక్షరాలు లేవు. శ, ష కూడా లేవు. అంటే ఆ పిల్లవాడు పలుకుతున్నది సూరి లెక్క ప్రకారం అచ్చమైన తెలుగు ధ్వనులే. 'భాష' అని రాయడం వాడికి నేర్పాల్సిందే, అది బడి పని. వాడి నాలుకలో లోపం ఉందనడం అజ్ఞానం.

ఇంటి మాట, పుస్తకం మాట

వచ్చాడు, వచ్చిండు, వచ్చినాడు. మూడూ తెలుగే. ఒకటి పుస్తకంలో ఉంది, మిగతా రెండూ చాలామంది పిల్లల ఇళ్లలో ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో మాండలిక వృత్తిపదకోశం పని మొదలై, వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. ఒకే పనిముట్టుకు జిల్లా జిల్లాకూ ఎన్ని పేర్లో అవి చూపించాయి. అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ జ్ఞానం టీచర్ శిక్షణలోకి పూర్తిగా రాలేదు. తెలంగాణ వచ్చాక పాఠ్యపుస్తకాల్లో ఇక్కడి రచయితలు పెరిగారు. మంచిదే. అయితే రచయిత మారినంత సులువుగా దిద్దుబాటు అలవాటు మారదు. పిల్లవాడు 'వచ్చిండు' అని రాస్తే అది తప్పా, మాండలికమా, రాతభాషకు ఇంకా అలవాటుపడకపోవడమా అన్నది టీచర్ తేల్చుకోవాలి. మూడింటికీ మూడు రకాల స్పందన కావాలి.

ఈ గొడవ వందేళ్ల పైబడినదే. 1906 ప్రాంతంలో విశాఖ వైపు స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన జె.ఏ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే భాషకూ పుస్తకాల భాషకూ ఇంత తేడా ఎందుకని ఆరా తీశాడు. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ల ఆలోచనకు ఊతమిచ్చి వాడుకభాషా ఉద్యమానికి దారితీసింది. కొత్తగా నేర్చుకునేవాడికి కనిపించినది, పుట్టుకతో వచ్చినవాళ్లకు కనిపించలేదన్నమాట.

తెలుగు రాని పిల్లల తెలుగు

ఇంతవరకూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల సంగతి. మీడియం చర్చలో రెండు పక్షాలూ చేసిన పెద్ద పొరపాటు, రెండు రాష్ట్రాల్లో పిల్లలందరి మాతృభాషా తెలుగేనని అనుకోవడం. ఉట్నూరులో గోండి, కొలామి. భద్రాచలం వైపు కోయ. సీతంపేటలో సవర. పాడేరులో కువి, కొండ, ఆదివాసీ ఒడియా. తండాల్లో బంజారా. హైదరాబాద్‌లో ఉర్దూ సరేసరి. దానికి తోడు నిర్మాణ పనులకూ ఇటుక బట్టీలకూ వలస వచ్చిన ఒడియా, హిందీ కుటుంబాల పిల్లలు.

తెలంగాణ 2018లో చట్టం చేసి అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగును తప్పనిసరి చేసింది. ఆ తర్వాత తెలుగు మాతృభాష కాని పిల్లలకు మామూలు పుస్తకం మోయలేని బరువని గ్రహించి, సీబీఎస్ఈ వంటి బోర్డుల్లో తొమ్మిది, పది తరగతులకు 'వెన్నెల' అనే తేలిక పుస్తకాన్ని 2025లో ముందుకు తెచ్చింది. పుస్తకం తేలికైంది. టీచర్ శిక్షణ మారిందా? మాతృభాషగా తెలుగు చెప్పడం, రెండో భాషగా తెలుగు చెప్పడం రెండు వేర్వేరు విద్యలు.

ఎందుకు వేరో చెప్పడానికి ఒకటి రెండు ఉదాహరణలు చాలు. హిందీ పిల్లవాడికి ఎ–ఏ, ఒ–ఓ తేడా చెవికి అందదు. వాడి భాషలో ఆ పొట్టి అచ్చులకు వేరే అక్షరం లేదు. 'వెల', 'వేల' వాడికి ఒకటే. 'ఒడి', 'ఓడి' కూడా. 'మనం', 'మేము' రెంటికీ హిందీలో ఉన్నది 'హమ్' ఒక్కటే. టీచర్‌తో "రేపు మనం ఊరికి పోతున్నాం" అని ఆ పిల్లవాడు అంటే తరగతి నవ్వుతుంది. టీచర్ ఎప్పుడూ నేర్చుకోకుండానే వచ్చిన తేడా కాబట్టి, నేర్పాల్సిన తేడా అని ఆమెకు తోచదు. ఒడియాలో క్రియకు లింగభేదం లేదు. ఆ ఇంటి పాప 'అమ్మ వచ్చాడు' అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

గోండి, కువి పిల్లల విషయం ఇంకా ఆసక్తికరం. అవీ ద్రావిడ భాషలే, తెలుగుకు దగ్గరి చుట్టాలే. ఏకవచనంలో తెలుగులాగే మగవాళ్లు ఒక వర్గం, మిగతా అంతా మరో వర్గం. బహువచనానికి వచ్చేసరికి దారి చీలుతుంది. తెలుగులో ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి 'వచ్చారు' అవుతారు. ఆ భాషల్లో బహువచనంలో కూడా ఆడవాళ్లు 'మిగతా' వర్గంలోనే ఉంటారు. కాబట్టి ఆ పిల్లలు 'ఆడవాళ్లు వచ్చాయి' అనే అవకాశం ఉంది. మనకది అమర్యాదగా వినిపిస్తుంది. వాళ్లకది తమ వ్యాకరణాన్ని తెలుగు మాటలతో నింపడం. ఈ చిన్న సంగతి తెలియని టీచర్ ఆ పిల్లవాడికి మర్యాద నేర్పబోతాడు. తెలిసిన టీచర్ తెలుగు నేర్పుతాడు.

ఈ పని మొదట చేసి చూపినవాడు కూడా గిడుగే. పర్లాకిమిడిలో టీచర్‌గా ఉంటూ సవర నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే బడులు సొంత ఖర్చుతో నడిపారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వేదికల మీద గిడుగు పిడుగు అని పొగుడుతాం కానీ, ఆయన ముందు ఇంకొకరి భాష నేర్చుకుని తర్వాత తెలుగు కోసం పోరాడారన్న వరుసను మరిచిపోతాం.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. తెలుగు లిపిలో గోండి, కోయ, కువి, సవర, కొండ, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా వాచకాలు తయారయ్యాయి. దేశంలో ఇలాంటి ప్రయత్నాల్లో ముందువరుసలో ఉన్నది ఇది. కానీ పుస్తకాలు ఉన్నా, వాటిని చెప్పగల శాశ్వత టీచర్ల వర్గం ఏర్పడలేదు. స్థానిక యువతను చిన్న గౌరవ వేతనంపై వలంటీర్లుగా పెట్టి నెట్టుకొచ్చారు.

అంతకుముందే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇస్తూ 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. ఆ తీర్పుపై చర్చ అంతా ఉద్యోగాల వాటా చుట్టూ తిరిగింది. నిజానికి ఆ జీవో చేసిన మరో మేలు, బిడ్డ మాట అర్థమయ్యే మనిషిని బడికి పంపడం. రిజర్వేషన్ దారి మూసుకుపోయినా భాషా అర్హత దారి తెరిచే ఉంది. పాడేరులో ఒకటో తరగతికి చెప్పబోయే టీచర్‌కు కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ వచ్చి ఉండాలనడం ఎవరి కులాన్నీ అడగడం కాదు, పనికి కావాల్సిన నైపుణ్యాన్ని అడగడం. పర్యాటక గైడ్‌ను భాష వచ్చా అని అడుగుతాం. టీచర్‌ను అడగడానికి సందేహమెందుకు?

ఏం మార్చవచ్చు

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణ, విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, 2020 విద్యావిధానం మాతృభాషలో చదువు గురించి చెబుతూనే ఉన్నాయి. వాటికి తోడు మరో ప్రకటన అక్కర్లేదు. చిన్న పనులు చాలు. ఛత్తీస్‌గఢ్ 2022లో ఒకటో తరగతి పిల్లల ఇళ్లలో ఏ భాష మాట్లాడతారో రాష్ట్రమంతటా సర్వే చేయించింది. సీబీఎస్ఈ కూడా 2025 మేలో తన బడులను పిల్లల మాతృభాషల జాబితా తయారుచేయమంది. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో ఈ పని జూన్‌లో అడ్మిషన్ల రిజిస్టర్‌తో పాటే ముగించవచ్చు. ఒక గడి చేరిస్తే సరిపోతుంది, ఇంట్లో ఏ భాష అని. ఆ గడి నింపాక ఆ బడికి వెళ్లే టీచర్‌కు రెండు వారాల శిక్షణ ఏ భాష గురించి ఇవ్వాలో తెలుస్తుంది. అరకులో పనిచేసే టీచర్‌కు కువిలో వంద మాటలు, నాలుగు వ్యాకరణ సూత్రాలు. బట్టీల పక్క బడి టీచర్‌కు ఒడియాలో అంతే. భాష మొత్తం నేర్చుకోమని కాదు. "దాహమేస్తోంది", "అర్థం కాలేదు" అని బిడ్డ తన భాషలో చెబితే అర్థం చేసుకునేంత.

టెట్ ప్రశ్నపత్రం విషయంలో నా అభిప్రాయం ఇంకాస్త గట్టిది. ప్రాథమిక స్థాయి పేపర్‌లో 24–6 లెక్క తిరగబడాలి. ఒక పిల్లవాడు నిజంగా రాసిన అరపేజీ ఇచ్చి, ఇందులో చెవి తప్పు ఏది, కంటి తప్పు ఏది, ఇంటి భాష ఏది అని అడిగే ఒక్క ప్రశ్న పెడితే చాలు, కోచింగ్ సెంటర్లు మరుసటి నెలకల్లా అదే నేర్పడం మొదలుపెడతాయి. మన దగ్గర పరీక్ష ఏది అడిగితే శిక్షణ అదవుతుంది. కాబట్టి మార్పు పరీక్ష నుంచి మొదలుపెట్టడమే దగ్గరి దారి. డైట్ కళాశాలల్లో ఖాళీలు నింపడం, అక్కడ భాషాశాస్త్రం చదివిన ఒక్క అధ్యాపకుడైనా ఉండేలా చూడటం దాని తర్వాతి పని. దానికి డబ్బు కావాలి, కాలం పడుతుంది. ప్రశ్నపత్రం మార్చడానికి ఒక సమావేశం చాలు.